బండ మీద ఖాళీ సగం

పోయినవారం నన్ను యాడ వదిలిపెట్టి పోయినారో గుర్తుండాదా? కడపలో ఏడురోడ్ల కాడ, జిరాక్సు అంగడి మీది గదిలో, కంప్యూటరు ముందర టీ గ్లాసు పట్టుకోని, తాగేది మరిచిపోయి కూర్చోనుంటి. మీరు వారమంతా హాయిగా ఉండారు. నేను మాత్రం ఆ గ్లాసు పట్టుకోనే ఉండా.

కొత్తగా చదివేటోళ్లకు రొంత చెప్తా. నా పేరు హులిగెమ్మ. మాది ఆదోని పక్క. కడపకొచ్చి వెబ్‌సైట్లు కట్టిస్తాండా. కమలాపురం దాటినాక ఒక చిన్న ఊర్లో పాత చర్చి ఉండాది. ఈ ఆదివారం, మే ఇరవై ఎనిమిదికి, దానికి నూరేండ్లు నిండుతాయి. ఆ పొద్దే వెబ్‌సైటు తెరవల్ల. పండగకు ముందే కువైట్‌లో ఉండే ఊరోళ్లకు అడ్రసు పంపినాం, చూసి బాగోగులు చెప్తారని. ఆ ఊర్లో ఇంటికొక ఆడమనిషి కువైట్‌లో ఇంటిపని చేస్తాంటాది. వాళ్లలో రెజీనా ఒకతె. శుక్రవారం పదకొండు నుంచి నాలుగు దాకా సెలవిస్తే నెట్ సెంటరుకు పోతాది. పోయిన శుక్రవారం పోయి, మా సందర్శకుల పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల తెలుగుతో ఇట్ల రాసిపెట్టింది.

“అక్కా, మా అమ్మ పేరు సమాధి బండ మీద యాల ఉండాది? ఫోను చేస్తే మోగదు. చచ్చిపోయింటే చెప్పండి, ఏడుస్తా. దాచద్దండి. మళ్ల శుక్రవారం నెట్‌కు వస్తా. అప్పటికి నిజం చెప్పకపోతే ఆ ఇంటికి తిరిగి పోను. పాస్‌పోర్టు వాళ్ల కాడనే ఉండనీ. రోడ్డున పడి యాడికైనా పోతా.”

పాస్‌పోర్టు లేకుండా ఇల్లు దాటిన ఆడమనిషి గతేందో కడప జిల్లాలో ఎవరికీ చెప్పే పని లేదు. ప్రతి ఊర్లో ఒక కథ ఉండాది. ఫోనంటారా, మే నెల గాలికి స్తంభాలు పడి ఆ ఊరి లైను మూగపోయి మూడు వారాలాయ. నేను కర్నూలులో వేరే పని మీదుండి ఈ రాత చూసింది గురువారం పొద్దున. రెజీనా మళ్ల వచ్చేదానికి ఒక్క దినముండాది.

ముందు నాకు కోపమొచ్చింది. బతికుండే మనిషి పేరు సమాధుల పేజీలో ఎవరు కొట్టినారు? పాస్‌వర్డు నాకు తప్ప ఎవరికీ తెలీదు. పేజీలో అక్షరమక్షరం వెతికినా. వాళ్లమ్మ కృపమణి పేరే లేదు. అప్పుడు లేవి బండ ఫొటో పెద్దది చేసినా.

లేవి అంటే కృపమణి మొగుడు, రెజీనా నాయన. పోయి ఆరేండ్లయింది. ఆ ఊర్లో మొగుడూ పెండ్లాలకు ఒకే బండ. ముందు పోయినోళ్ల పేరు సగంలో చెక్కి, మిగతా సగం ఖాళీగా వదిలిపెడతారు. లేవి బండకు ఎడమ సగంలో లేవి, కుడి సగం నున్నగా ఉండల్ల. ఫిబ్రవరిలో తీసిన ఫొటోలో నున్నగానే ఉండాది. పది దినాల కింద నా చేత్తో నేను తీసిన ఫొటోలో మాత్రం, ఆ నల్లబండలో, నీళ్ల అడుగున ఉన్నట్ల, నాలుగు అక్షరాలు లేచి కనపడినాయి. తీసేటప్పుడు నాకు కనపడలా. దేవుని మీద ఒట్టు, కనపడలా.

ఆ ఫొటో, రెజీనా రాత కాగితాల మీద తీసుకోని కమలాపురం బస్సెక్కినా.

చర్చి కాడ జయకుమార్ సార్ ఎదురొచ్చినాడు. బడిపంతులు, చర్చి సెక్రటరీ. ఈ పని నాకిచ్చింది ఆయనే. రెజీనా రాసింది చదివి చెమట తుడుచుకున్నాడు.

“కృపమణి బంగారట్ల ఉండాది కదమ్మా! పొద్దున గూడా చెనిక్కాయలు వలిచే పనికి పోయింది. ఈ పిల్ల యాలట్ల అనుకుంది?”

“మనం దాచినాం కాబట్టి అనుకుంది సార్.”

“మనమేం దాచినాం?”

నా నోరు ఊరుకుంటాదా? “సమాధుల తోటను మొదటి పేజీలోనే పెడదామని నెత్తీ నోరూ కొట్టుకున్యా. కువైట్ ఆడోళ్లు ముందు చూసేది అదే, తల్లీదండ్రీ మట్టికి రాలేనోళ్లు కనీసం బండన్నా చూసుకుంటారని చెప్పినా. మీరేమన్నారు?”

ఏమన్నాడో నాకు బాగా గుర్తుండాది. “ముందు వాకిట్లోనే పాడె పెడతారామ్మా?” అన్నాడు. పాస్టర్ల ఫొటోలు, పండగ కార్యక్రమం, బడి, పాటలు, కమిటీ పేర్లు, అన్నీ ముందుండల్ల. చావు మాత్రం వెనక్కి. సరేలెమ్మని ‘చరిత్ర’ కింద ‘పెద్దలు’, ‘పెద్దలు’ కింద ‘తోట’ అని మూడు మెట్లు లోపలికి తోసినా.

తప్పంతా ఆయనదే అంటే నా కండ్లు పోతాయి. నాక్కూడా మెనూలో ఆరు గడులే అందంగా కనపడినాయి. ఏడో గడి పెడితే వరస పట్టక కిందికి దిగి, చినిగిన పైట మాదిరి వేలాడుతాంది. వరస బాగుండల్లని నేనూ తలూపినా. ఇప్పుడు చూడండి. ఒక్కో పేజీ తెరిచేదానికి రెండు నిమిషాలు పట్టే నెట్టులో, ఆ పిల్ల మూడు తలుపులు తోసుకోని లోపలికి పోయి, అంత లోపల తల్లి పేరు చూసింది. అంత లోపల పెట్టింది దాచేదానికే అనుకోక ఏమనుకుంటాది? గల్ఫులో ఉండేటోళ్లకు ఇంట్లో చావులు చెప్పకుండా దాచేది మన ఊర్లలో కొత్తా?

“ఆ మెనూ సంగతే నాకు మొదటి నుంచి నచ్చలేదమ్మా,” అన్నాడు సార్, మాట మార్చేదానికి. “మా బడి కంప్యూటర్లో ఫొటో ముందొచ్చి, మెనూ ఎంతసేపటికో వస్తాది.”

“తెలుగు అక్షరాలు కువైట్ కంప్యూటర్లలో డబ్బాలు డబ్బాలుగా పడతాయి సార్. అందుకే మెనూను బొమ్మగా చేసి పెట్టినా. బొమ్మ బరువు, నిదానంగానే వస్తాది. అక్షరం అందరికీ కనపడల్లా, బిరబిరా రావల్లా అంటే రెండూ కుదరవు. అదట్ల ఉండనీ. బండ మీద పేరు ఎవరు చెక్కినారు?”

ఆ ఊర్లో బండలు చెక్కేది ఒకే ఒకడు. ప్రేమయ్య. డెబ్బై నాలుగేండ్లు. చచ్చిపోయిన లేవికి సొంత అన్న.

సమాధుల తోట చర్చి వెనకాల. మూడు గంటల ఎండ. కడప ఎండ గురించి మీకు చెప్పేదేముంది, బండ మీద రొట్టె కాల్చుకోవచ్చు. గాలి లేదు. ఒక్క కాకి గూడా లేదు. ప్రేమయ్య తాత రేకు కింద కూర్చోని ఉలి నూరుతాండాడు. ఫొటో చేతికిచ్చినా. ముక్కుకు ఆనేదాకా దగ్గరికి తెచ్చుకోని చూసినాడు. ఉలి కింద పెట్టినాడు.

“బయటపడిందా,” అన్నాడు.

“తాతా, నువ్వేనా? బతికుండే మనిషి పేరు చెక్కితివా? నీకేమన్నా మతి పోయిందా?”

“కూర్చో పాపా.”

“కూర్చోను. చెప్పు.”

“కూర్చోకపోతే నిలబడు. నాకు కండ్లు పోతాండాయి. ఎడమది పోయింది, కుడిదానికి పొర కమ్మింది. నా తర్వాత ఈ ఊర్లో ఉలి పట్టేటోడు లేడు. కడపలో మిషన్లు పెట్టి కోస్తారు, అన్ని పేర్లూ ఒకే మాదిరి. మా తమ్మునిది నేను చెక్కి, ఆయమ్మది మిషను చెక్కితే ఏం బాగుంటాది? అందుకే ముందే చెక్కి పెట్టినా.”

“కృపమణి ఒక్కదానిదేనా?”

ఆయన లేచి, కట్టె పట్టుకోని బండల మధ్యలో నడిచినాడు. ఒక బండ కాడ నిలబడి ఖాళీ సగం మీద కట్టెతో తట్టినాడు. ఇంకో బండ కాడ తట్టినాడు. ఇంకోటి. ఇంకోటి. తట్టిన ప్రతి బండకూ ఊర్లో ఒక ముసలామె బతికుండాది, పొద్దున లేచి పొయ్యి రాజేసుకుంటాంది.

“పందొమ్మిది,” అన్నాడు. “చెక్కి, మైనంలో బండపొడి కలిపి పూడ్చినా. నున్నగా చేసి నూనె పూసినా. నేను పొయ్యేదాకా ఎవరికీ కనపడదనుకున్యా. ఆ మైనం గీకితే చాలు, పేరు పైకొస్తాది.”

నాకు అప్పుడర్థమైంది. ఫిబ్రవరిలో మైనం గట్టిగా ఉండాది. మే నెల ఎండకు కరిగింది. మైనమంట, కడప జిల్లాలో, ఎండాకాలంలో! నవ్వల్లో ఏడవల్లో తెలీలా. డెబ్బై నాలుగేండ్లు ఈ ఎండలోనే బతికినోడు ఆ ఒక్కటి మరిచిపోయినాడు.

“పేరుకు ముందే కొలత పెట్టల్ల పాపా,” అన్నాడు ఆయన, కోపం లేకుండా. “లేవి రెండక్షరాలు. కృపమణి నాలుగు. రెండిటికీ చెరి సగం బండ. రెండక్షరాలు పెద్దవి చేస్తే మొగుడు పెండ్లాన్ని తొక్కినట్ల ఉంటాది. చిన్నవి చేస్తే సగం బండ బోసిపోతాది. రెండు పేర్లూ కలిపి చూసుకోకుండా ఒకటి చెక్కకూడదు. నీ కంప్యూటర్లో నీకు ఈ బాధ లేదా?”

లేకేం. ‘బడి’ రెండక్షరాలు, ‘పండగ కార్యక్రమం’ ఏడు. ఒకే కొలత గడులు. దాంతో వారం రోజులు తన్నుకులాడినా. ఆ మాట ఆయనతో అనలా. అంటే నా కోపం పోతాదని భయం.

“మరి తేదీ? తేదీ గూడా చెక్కితివా?”

ప్రేమయ్య తాత చెవులు మూసుకున్నాడు. “తప్పు, తప్పు. పేరు మనిషి పెట్టింది, మనిషి చెక్కొచ్చు. తేదీ దేవునిది. ఆయన చెప్పినంక చెక్కేది. తేదీ మీద నా ఉలి పడలేదు.”

అంతలో వెనకనుంచి, “ఎవరికప్పా తేదీ?” అని గొంతు. ఉలిక్కిపడి తిరిగితే కృపమణి. చెనిక్కాయల దుమ్ము కొంగుతో దులుపుకుంటా వస్తాండాది. అరవై దాటినా నడక గట్టిది. ఊర్లో ఎవరో చెప్పినారంట, నీ పేరు బండ మీద ఉందంట అని.

“ఏం బావా, నన్ను పంపించేదానికి అంత తొందరపడితివే?”

ఆమె నేరుగా పోయి మొగుని బండ ముందర గొంతుకూర్చుంది. ఆమెకు చదువు రాదు. ప్రతి ఆదివారం ఆ బండను తుడిచిపోతాది. గీతలు చేతికి తగల్తానే ఉండాయంట, ఎండకు బండ పగుల్తాందేమో అనుకుందంట. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కో అక్షరం మీద నిదానంగా తిప్పింది.

“ఇది నా పేరా పాపా?”

“నీ పేరే అత్తా.”

“ఇంత పొడుగుండాదా!” అని నవ్వింది. ఆ ఎండలో ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఏడుపూ వచ్చింది. రెజీనా సంగతి చెప్పినాక నవ్వు ఆగిపోయింది. “పిచ్చిముండ, పిచ్చిముండ,” అని తల కొట్టుకుంది. “దానికి నేను కనపడల్ల. ఇప్పుడే చూపియ్యి.”

“ఫొటో తీస్తా. రేపు మొదటి పేజీలో పెడతా.”

ఆమె బండ పక్కన నిటారుగా నిలబడింది. నేను కెమెరా ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టింది. “కాళ్లు పడేట్ల తియ్యి. ఛాతీ దాకా తీస్తే దండ వేసే ఫొటో అవుతాది. అది చూసి నా బిడ్డ నిజంగానే గోడు గోడున ఏడుస్తాది. కాళ్లు చూపియ్యి.”

నేను వెనక్కి జరిగినా. ఆమె తల నుంచి కాళ్ల దాకా, పక్కన బండ పూర్తిగా, పేరుతో సహా. ఈ రెండూ ఒక్క ఫొటోలో ఉంటేనే రెజీనా నమ్ముతాది. బండ లేకపోతే పాత ఫొటో అంటాది. తీసే ముందు నేనే బండ కాడికి పోయి, పేరు కింద ఖాళీ జాగా అరచేత్తో పైనుంచి కిందిదాకా తుడిచినా, దుమ్ము లేకుండా. నున్నగా ఉండాది. ఈ చేత్తోనే తుడిచినా. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

శుక్రవారం పొద్దున తొమ్మిదికే గది తెరిచినా. నిర్ణయం నిన్న తోటలోనే చేసుకున్యా. ఆరు గడుల అందం గంగలో కలవనీ. మొదటి పేజీలో పాస్టర్లు వద్దు, కార్యక్రమం వద్దు. ఒకే ఒక్క ఫొటో, పేజీ నిండా. పైన ఒకే మాట: ‘రెజీనా, మీ అమ్మ బతికే ఉండాది. ఈ ఫొటో నిన్న తీసినాం. పేరు మీ పెదనాయన ముందుగా చెక్కినాడు.’ మెనూలో మొదటి గడి సమాధుల తోట. జయకుమార్ సార్ గూడా సరే అన్నాడు.

ఫొటో తెరిచి, పేజీకి సరిపడేట్ల పెద్దది చేసినా. కృపమణి ముఖం బాగా పడింది. కాళ్లు పడినాయి. పేరు పడింది.

పేరు కింద తేదీ పడింది.

కండ్లు నలుపుకోని మళ్ల చూసినా. ఇంకా పెద్దది చేసినా. నా అరచెయ్యి తుడిచిన జాగాలోనే, ఆమె మోకాలి ఎత్తులో, సన్నగా, తిన్నగా, ప్రేమయ్య తాత అంకెల మాదిరే ఉండాయి. 28-5-2006.

గది తలుపు తెరిచే ఉండాది. కింద జిరాక్సు మిషను చప్పుడవుతాండాది, ఆటోలు అరుస్తాండాయి. అయినా వెనక్కి తిరిగి చూసినా. ఎల్లుండే. చర్చి పండగ దినమే. తాత చెక్కి మరిచిపోయినాడా? తేదీ అంటేనే చెవులు మూసుకున్న మనిషి! పోనీ చెక్కినాడే అనుకో, నా చేతికి యాల తగలలా?

ఆలోచించేదానికి పొద్దు లేదు. కువైట్‌లో పదకొండంటే మనకు ఒంటిగంటన్నర. అప్పటికి పేజీ ఉండకపోతే ఆ పిల్ల రోడ్డున పడతాది.

కింద కత్తిరిద్దామంటే కాళ్లు తెగుతాయి. కాళ్లు తెగితే దండ ఫొటో. అంకెలు రుద్ది చెరిపి చూసినా. నల్లబండ మీద బూడిద మచ్చ పడింది. మచ్చ చూస్తే రెజీనా, ఏదో చెరిపినారని ఇంకా అనుమానిస్తాది. బండనే తీసేస్తే నమ్మదు. మళ్ల పోయి ఇంకో ఫొటో తీద్దామంటే పోయి వచ్చేలోపల మూడవుతాది.

చివరికి ఏం చేసినానో తెలుసా? మెనూను పైనుంచి తీసి, ఫొటో మీద, సరిగ్గా ఆ తేదీ మీద అడ్డంగా పరిచినా. నల్లటి పట్టీ, తెల్లటి అక్షరాలు. ఆమె కాళ్లు పట్టీ కింద కనపడతాండాయి, పేరు పైన కనపడతాండాది, తేదీ మాత్రం లేదు. నా కంప్యూటర్లో పదిసార్లు తెరిచి చూసినా. చక్కగా కుదిరింది. దాచితే ఏమవుతాదో నిన్ననే సార్‌కు నీతులు చెప్పినదాన్ని, ఈ పొద్దు నేనే దాచినా. పన్నెండున్నరకు పేజీ ఎక్కించినా.

ఒంటిగంటా నలభైకి, ఎంతమంది చూసినారో లెక్కపెట్టే కౌంటరు ఒక అంకె జరిగింది. నేను సందర్శకుల పుస్తకం తెరిచి పెట్టుకున్యా. ఐదు నిమిషాలు. ఎనిమిది నిమిషాలు. మొదటి రాత వచ్చింది.

“అక్కా, అమ్మను చూసినా. కాళ్లు గూడా చూసినా. ముట్టుకున్నట్లే ఉండాది. నీకు పుణ్యముంటాది.”

కుర్చీలో వెనక్కి వాలిపోయినా. గట్టిగా ఏడ్చినా. రెండు దినాల తర్వాత టీ తెప్పించుకుందామని లేచినా. లేచినదాన్ని అట్లనే నిలబడిపోయినా, ఇంకో రాత వచ్చింది.

“ఈడ నెట్టు శానా నిదానం అక్కా. ఫొటో ముందొచ్చింది. మెనూ రెండు నిమిషాలకు వచ్చింది. ఆ రెండు నిమిషాలు అమ్మ పేరు కింద తేదీ కనపడింది. అది ఎల్లుండే కదా? దాన్ని యాల కప్పినావు?”

జయకుమార్ సార్ మాట చెవిలో మోగింది. ఫొటో ముందొచ్చి, మెనూ ఎంతసేపటికో వస్తాది. నా కంప్యూటర్లో పేజీ అంతా ముందే ఉంటాది కాబట్టి నాకు కనపడలా. నేనే చెప్పిన సంగతి నేనే మరిచిపోయినా.

మూడో రాత వచ్చింది.

“నాలుగింటికి ఇంటి కాడ ఉండకపోతే వాళ్లు పోలీసులకు చెప్తారు. చెప్పనీ. నువ్వు జవాబిచ్చేదాకా ఈ కుర్చీలోంచి లేవను.”

గోడ మీద గడియారం చూసినా. ఆ పిల్లకు నాలుగంటే నాకు ఆరున్నర. ఊరి ఫోను లైను ఇంకా మూగగానే ఉండాది. బస్సెక్కిపోయి ఆ బండ మీద మళ్ల చెయ్యి పెట్టి చూస్తే తప్ప ఏది నిజమో నాకే తెలీదు. నేను లేచిపోతే ఆడ కూర్చున్న పిల్లకు జవాబిచ్చేటోళ్లు లేరు.

జవాబు రాసే గడి తెల్లగా, ఖాళీగా ఉండాది. వేళ్లు కీబోర్డు మీద పెట్టినా. ‘రెజీనా’ అని కొట్టినా. ఆ తర్వాత ఏం రాయల్లో నాకు తెలీలా.